లాయరు చేతికి ఫైలు అందాలి కదా!

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏదైనా కోర్టులో ఓడిపోయిందని వార్త రాగానే "వాళ్ల లాయరు సరిగా వాదించలేదు" అనేస్తారు. మొన్న బీచ్ రోడ్డులో నడుస్తుంటే మా మిత్రులూ అదే అన్నారు. నేను ఒక విశ్వవిద్యాలయం లీగల్ సెక్షన్‌లో పద్దెనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. నేను చూసినంతలో లోపం చాలాసార్లు ఆఫీసులో, మా బల్లల మీదే ఉండేది.

ఉద్యోగి తనకు అన్యాయం జరిగిందని హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే రిజిస్ట్రార్ పేరున నోటీసు వస్తుంది. స్టాండింగ్ కౌన్సిల్, అంటే విశ్వవిద్యాలయం తరఫు లాయరు, కోర్టులో కౌంటర్ (మన జవాబు) వేయాలంటే పిటిషన్‌లోని ప్రతి పేరాకీ మనం జవాబు రాసి పంపాలి. వాటినే పేరావారీ రిమార్కులు అంటాం. ఆ కాగితం ఉద్యోగుల సర్వీసు విషయాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నుంచి అకౌంట్స్‌కి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి తిరుగుతూనే ఉండేది. వాయిదా రోజు పొద్దున్నే లాయరు ఫోన్ చేసి "ఇంకా ఏమీ పంపలేదు, జడ్జిగారికి ఏం చెప్పమంటారండీ?" అని అడిగితే నా దగ్గర సమాధానం ఉండేది కాదు.

ఒక అటెండర్ గ్రాట్యుటీ సంగతి ఇప్పటికీ బాధపెడుతుంది. డబ్బు ఇవ్వకూడదని ఎవరూ అనలేదు. సర్వీసు రిజిస్టరులో ఒక దిద్దుబాటు పక్కన సంతకం లేదని ఆపారు, అంతే. ఆయన కేసు వేసి గెలిచారు. అయినా డబ్బు రాకపోతే కోర్టు ధిక్కరణ కేసు వేశారు. అధికారి స్వయంగా హాజరు కావాలనేసరికి మూడు రోజుల్లో చెక్కు తయారైంది! ఈలోగా ఆయన కూతురి పెళ్లికి చేసిన అప్పు మీద కట్టిన వడ్డీ ఎవరిస్తారు?

2019 జనవరి 1 నుంచి హైకోర్టు అమరావతిలో ఉంది. విశాఖలోని పెన్షనరు రాత్రి రైలెక్కి విజయవాడలో దిగి, హైకోర్టు ఉన్న నేలపాడు చేరాక వాయిదా పడిందని తెలిస్తే ఆ వయసులో ఎంత టెన్షనో ఆలోచించండి.

మన ఊళ్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అంబేడ్కర్ న్యాయ కళాశాల ఉంది, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఇంతమంది ప్రొఫెసర్లుండగా బయటి లాయర్లెందుకని అడుగుతారు. పూర్తికాలం జీతం మీద పనిచేసేవారు లాయరుగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ నిబంధన. కానీ ఉత్తర్వు మీద సంతకం పడకముందే చదివి "ఇది కోర్టులో నిలవదు" అని చెప్పడానికి నల్లకోటు అక్కర్లేదు. ఆ సలహా అడిగే అలవాటే మనకు లేదు.

ప్రతి విశ్వవిద్యాలయంలోనూ వాయిదా తేదీలకు జవాబుదారీగా ఉండే పూర్తికాల లా ఆఫీసరు కావాలి. ఇవ్వాల్సిందేనని ఫైల్లో తేలిన రిటైర్మెంటు బకాయిలను లోక్ అదాలత్‌లో తేల్చేయవచ్చు. అక్కడ కోర్టు ఫీజు లేదు, అక్కడిచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలూ లేదు. ఎన్ని కేసులున్నాయో, లాయర్ల ఫీజులకు ఎంత ఖర్చయిందో ఏటా వెబ్‌సైట్‌లో పెట్టాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడగకుండానే వివరాలు బయటపెట్టమంటోంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం తన నూరేళ్ల పండుగ వేళ ఈ పనికి ముందడుగు వేయాలని కోరుతున్నాను.

ఒక విశ్రాంత ఉద్యోగి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం