ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరమ్మకు

హడావుడిలో మీ పేరు అడగడం మర్చిపోయాను సిస్టర్, అందుకే ఇలా రాస్తున్నాను.

బాలాపూర్ బస్తీ నుంచి నొప్పులు పడుతున్న రోహింగ్యా అమ్మాయిని ఆటోలో తీసుకొచ్చింది నేనే. 2017లో మయన్మార్‌లోని రఖైన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని బయటపడ్డ పిల్ల. కౌంటర్‌లో ఆధార్ అడిగారు. ఆమె దగ్గరున్నది ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు ఒక్కటే. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, వాళ్లకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. ఇక ఆ కార్డేంటో కౌంటర్ అబ్బాయికి మాత్రం ఏం తెలుస్తుంది? నాకేమో టెన్షన్‌తో నోరు పెగల్లేదు.

అప్పుడొచ్చారు మీరు. కార్డు మీద ఫొటో చూసి, ఆమె మొహం చూసి, "ముందు లోపలికి పదండి, కాగితాలు తర్వాత" అన్నారు. పేరు మూడుసార్లు పలికించుకుని మరీ సరిగ్గా రాశారు. కేస్ షీట్‌లో బంధువుల ఫోన్ నంబర్ అన్నచోట ఒక్క క్షణం ఆగి, మీ నంబరే రాసేశారు! భాష రాకపోయినా వెన్ను నిమురుతూ "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూనే ఉన్నారు, అచ్చ తెలుగులో.

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. డ్యూటీ దిగి వెళ్తూ మంచం పక్కన మీ ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టి వెళ్లారట. ఫ్లాస్కు మా దగ్గరే ఉంది సిస్టర్. వచ్చే వారం పాపను చూపించడానికి వస్తున్నాం, అప్పుడు తెచ్చిస్తాను.