విషయం: ‘ఉచిత’ కాఫీ మెషిన్‌కు 6,999 రూపాయలు కట్టమనడంపై ఫిర్యాదు

కాజీపేట, హనుమకొండ జిల్లా
2025 నవంబర్ 6

కస్టమర్ ఫిర్యాదుల అధికారి గారికి,

నమస్కారం.

నేను కాజీపేటలో ఉంటాను, ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. ఈ ఏడాది జూన్ 8న మీ యాప్‌లో నెలవారీ కాఫీ ప్లాన్ తీసుకున్నాను. నెలకు 1,799 రూపాయలు కడితే 60 క్యాప్సూల్స్ (కాఫీ పొడి నింపి మూసిన చిన్న అల్యూమినియం డబ్బీలు) ఉన్న డబ్బా ఇంటికి వస్తుంది, కాఫీ మెషిన్ ఉచితం అన్నారు. నాలుగో నెలలో మెషిన్ చెడిపోయింది. మీరు బాగు చేయలేదు. ప్లాన్ వద్దని చెప్పాను. ఇప్పుడు ఆ ఉచిత మెషిన్‌కే 6,999 రూపాయలు కట్టమని రోజుకు రెండుసార్లు ఫోన్ చేయిస్తున్నారు. ఆ డబ్బు నేను కట్టను. ఎందుకో మీ లెక్కలతోనే చెప్తాను.

మా సారు, అంటే మా ఆయన, రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి మార్చిలో రిటైర్ అయ్యారు. మా ఇంట్లో అందరిదీ చాయ్ అలవాటే. పొద్దున చాయ్, సాయంత్రం చాయ్, చుట్టం వస్తే చాయ్. ఆయనకు మాత్రం డ్యూటీ మీద విజయవాడ వెళ్ళినప్పుడల్లా రన్నింగ్ రూమ్‌లో (రైలు సిబ్బంది విశ్రాంతి తీసుకునే చోట) కాఫీ తాగి తాగి, అది లేకపోతే తెల్లారనట్టు అయిపోయింది. నేను ఎనిమిదిన్నరకల్లా బయటపడాలి. ఆయనకు ఫిల్టర్‌లో పొడి వేసి, నీళ్ళు పోసి, డికాషన్ దిగేదాకా చూసుకోవడం పొద్దున పూట కష్టంగా ఉండేది. రిటైర్ అయిన మనిషి తనకు తానే ఒక బటన్ నొక్కి కాఫీ కలుపుకుంటే బాగుంటుందని ఈ ప్లాన్ తీసుకున్నాను. ఆయనకు అది నేనిచ్చిన కానుక. అందుకే ఈ విషయం నాకు డబ్బు కంటే ఎక్కువగా బాధ కలిగించింది.

మీ కాఫీ చెడ్డదని నేను అనను. క్యాప్సూల్ గుచ్చుకోగానే వంటింట్లో వచ్చే వాసన నిజంగా బాగుంటుంది, చికోరీ కలపని కాఫీ అని రుచిలోనే తెలుస్తుంది. డబ్బాలు కూడా నెలనెలా తేదీ తప్పకుండా వచ్చాయి. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

ఇబ్బంది మొదటి వారంలోనే మొదలైంది. మీ క్యాప్సూల్‌లో ఉండేది ఐదున్నర గ్రాముల పొడి. దాని నుంచి దిగేది 40 మిల్లీలీటర్ల డికాషన్. అది పాలు లేకుండా చిన్న కప్పులో తాగేవాళ్ళ కోసం చేసిన కొలత. మా దగ్గర కాఫీ అంటే గ్లాసు నిండా పాలు ఉండాలి. ఒక్క క్యాప్సూల్ వేస్తే రంగు మారిన పాలలా ఉంది తప్ప కాఫీ అనిపించలేదు. రెండు వేస్తేనే ఆయనకు నచ్చింది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, రోజుకు నాలుగు క్యాప్సూల్స్. 60 క్యాప్సూల్స్ డబ్బా సరిగ్గా 15 రోజులకు ఖాళీ. నెలలో మిగతా సగం మళ్ళీ పాత స్టీలు ఫిల్టరే దిక్కు. ‘నెలంతా కాఫీకి నిశ్చింత’ అని మీ యాప్‌లో ఉంది. పాలు కలిపి తాగే ఇంట్లో 60 క్యాప్సూల్స్ ఎన్ని రోజులు వస్తాయో ఆ మాట పక్కనే రాసి ఉండాల్సింది.

ఇక ధర. రెండు క్యాప్సూల్స్ అంటే గ్లాసుకు 60 రూపాయలు, పాలు, చక్కెర కాకుండా. కాజీపేటలో మేము పొడి తెచ్చుకునే షాపులో చికోరీ లేని పొడి కిలో 1,100 రూపాయలు. గ్లాసుకు పది గ్రాములు వేసినా 11 రూపాయలు. మీ డబ్బా మొత్తంలో ఉన్న పొడి 330 గ్రాములు. అంటే మీరు కిలోకు దాదాపు 5,450 రూపాయలు తీసుకుంటున్నారు. క్యాప్సూల్ తయారీకి, ప్యాకింగ్‌కు, కొరియర్‌కు ఖర్చు అవుతుందని నాకు తెలుసు, సౌకర్యానికి కొంత ఎక్కువ ఇవ్వడానికే నేను సిద్ధపడ్డాను. కానీ ఆ మెషిన్‌లో మీ క్యాప్సూల్ తప్ప వేరే ఏదీ పట్టదు. చారెడు మామూలు పొడి వేసుకునే వీలు కూడా లేదు. మా స్కూల్లో ప్రింటర్ సంగతీ ఇంతే. ప్రింటర్ చవకగా వచ్చింది, ఇంక్ డబ్బాలకు ఏటా దానికంటే ఎక్కువ పెడుతున్నాం.

సెప్టెంబర్‌లో ఒకరోజు మీ సైట్ తీరిగ్గా చూస్తే అసలు విషయం బయటపడింది. అదే మెషిన్ విడిగా కొంటే 6,999. అలా కొన్నవాళ్ళకు అదే 60 క్యాప్సూల్స్ డబ్బా 1,299కే ఇస్తున్నారు. ప్లాన్‌లో ఉన్న నా దగ్గర 1,799 తీసుకుంటున్నారు. నెలకు 500 తేడా, 12 నెలలకు 6,000. ఆ తేడా మెషిన్ ధర కాక ఇంకేమిటి? మా వైపు దీన్ని కిస్తీ అంటాం. కిస్తీ మీద మా అమ్మ కుట్టు మిషన్ కొన్నది, మేము ఫ్రిజ్ కొన్నాం. అందులో తప్పేమీ లేదు. కానీ కిస్తీ ఇచ్చేవాడు వస్తువు ధర ఇంత, నెలకు ఇంత, ఇన్ని నెలలు అని ముందే కాగితం మీద రాసిస్తాడు. మధ్యలో ఆపితే కట్టినంత తీసేసి మిగిలింది అడుగుతాడు. మీరు కిస్తీ వసూలు చేస్తూ దానికి ఉచితం అని పేరు పెట్టారు. నేను ఆపేసరికి, అప్పటిదాకా కట్టింది లెక్కలోకి రాకుండా పూర్తి ధర అడుగుతున్నారు. ఐదు నెలల్లో నేను ఎక్కువగా కట్టింది 2,500. దాని మీద 6,999 కూడా కడితే 9,499 అవుతుంది. మీ సైట్‌లో కొత్త మెషిన్ దొరికే ధర కంటే ఎక్కువ పెట్టి చెడిపోయిన మెషిన్ కొన్నట్టు.

మెషిన్ చెడిపోయింది సెప్టెంబర్ 27న, బతుకమ్మ పండుగ రోజుల్లో. మా బిడ్డ, అల్లుడు, ఆడపడుచు వాళ్ళు అందరూ ఇంట్లో ఉన్నారు. బటన్ నొక్కితే మోటార్ చప్పుడు వస్తోంది, నీళ్ళు మాత్రం కప్పులోకి రాకుండా అడుగు నుంచి కారి గట్టు మీదకు పోతున్నాయి. మీ హెల్ప్‌లైన్ మనిషి ఫోటో కూడా అడగకుండా ‘నీళ్ళలోని సున్నం మెషిన్‌లో పేరుకుంది, డీస్కేలింగ్ (ఆ సున్నం వదిలించడం) చేయలేదు కాబట్టి వారంటీ వర్తించదు’ అన్నాడు. బోరు నీళ్ళు పోస్తే లోపలి సన్నటి గొట్టాల్లో సున్నం కడుతుందన్నది నిజమే, నేను పిల్లలకు సైన్స్ చెప్పేదాన్ని, నాకు తెలుసు. కానీ మేము మొదటి రోజు నుంచీ తాగడానికి తెప్పించే క్యాన్ నీళ్ళే పోశాం. పైగా డీస్కేలింగ్ పొడి మీరు పంపిన పెట్టెలో లేదు. అది విడిగా 499 రూపాయలకు కొనుక్కోవాలని ఆరోజే మొదటిసారి విన్నాను. మూడు నెలలకు ఒకసారి అది తప్పనిసరి అయితే, ప్లాన్ తీసుకునేటప్పుడే దాని ఖర్చు కూడా చెప్పాలి కదా!

మెషిన్ చూడడానికి మనిషిని పంపమంటే సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది, తీసుకొచ్చి ఇవ్వండి అన్నారు. ఇక్కడి నుంచి సికింద్రాబాద్‌కే రైల్లో 130 కిలోమీటర్లు. డబ్బా నెలనెలా కాజీపేట గడప దాకా తెచ్చే మీకు, చెడిపోయిన మెషిన్ అదే గడప నుంచి తీసుకెళ్ళడం ఎందుకు కుదరదో ఎవరూ చెప్పలేదు.

అక్టోబర్ 4న ప్లాన్ రద్దు చేయమని మెయిల్ పెట్టాను. చేరడానికి యాప్‌లో నాలుగు నిమిషాలు పట్టింది. మానేయడానికి యాప్‌లో బటన్ లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 11 నుంచి సాయంత్రం 5 లోపల, రిజిస్టర్ అయిన నంబర్ నుంచి ఖాతాదారే మాట్లాడాలట. ఆ సమయంలో నేను క్లాసులో ఉంటాను. మా సారు చేస్తే మీతో మాట్లాడం అన్నారు. చివరికి ఒకరోజు సెలవు పెట్టి 40 నిమిషాలు లైన్‌లో ఉన్నాను. హిందీ, ఇంగ్లిష్ తప్ప తెలుగులో మాట్లాడేవాళ్ళు లేరు. ప్రకటన మాత్రం చక్కటి తెలుగులో వేశారు. రద్దు చేస్తే పూర్తి ధర కట్టాలన్న షరతు 19 పేజీల ఇంగ్లిష్ పత్రంలో 14వ పేజీలో ఉంది. ఈ లోపల అక్టోబర్ 8న ఆటోపేలో మళ్ళీ 1,799 కట్ చేసుకున్నారు, 12న ఇంకో డబ్బా వచ్చింది. పని చేయని మెషిన్ పక్కన ఆ డబ్బా సీలు తీయకుండా అలాగే ఉంది. అక్టోబర్ 28న నా యూపీఐ యాప్‌లో నేనే ఆటోపే ఆపేశాను. ఆ మరుసటి రోజు నుంచే ‘బాకీ’ ఫోన్లు మొదలయ్యాయి. నిన్న నేను స్కూల్లో ఉండగా మా అత్తమ్మ ఫోన్ ఎత్తితే ‘కేసు అవుతుంది’ అన్నారట. 78 ఏళ్ళ మనిషి, సాయంత్రం దాకా టెన్షన్‌తో అన్నం తినలేదు. ఆ ఒక్క ఫోన్‌కు మీరు క్షమాపణ చెప్పి తీరాలి.

కేసు మాట మీరే ఎత్తారు కాబట్టి నేను కూడా చదివాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. అక్టోబర్ 4 నాటి నా మెయిల్‌కు ఇప్పటికీ మనిషి రాసిన జవాబు రాలేదు. సులభంగా చేర్చుకుని, బయటపడే దారి కష్టం చేయడాన్ని కేంద్రం 2023 నవంబర్ 30న ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళను మోసపుచ్చే యాప్, సైట్ పద్ధతులు) మార్గదర్శకాల్లో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అంటారు. అందులో నిషేధించిన 13 పద్ధతుల్లో అది ఒకటి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను ఉన్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు, 5 లక్షల లోపు విషయానికి ఫీజు కూడా లేదు. మెషిన్‌ను హైదరాబాద్ దాకా మోసుకురమ్మన్నారు కానీ, కేసు కోసం నేను అంత దూరం పోనక్కర్లేదు.

మా స్టాఫ్ రూమ్‌లో ఇద్దరు ఇలాంటి ప్లాన్ తీసుకోవచ్చా అని నన్ను అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఒంటరిగా ఉండి, పాలు లేని చిన్న కప్పు రోజుకు ఒకటో రెండో తాగి, ఏడాది పాటు మానను అని గట్టిగా అనుకునేవాళ్ళకు ఫర్వాలేదు. పాలకాఫీ తాగే ఇంటికి గిట్టదు. మెషిన్ కావాలంటే ఏ పొడైనా పట్టేది డబ్బు పెట్టి కొనుక్కోండి, ఊళ్ళో బాగు చేసే మనిషి ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి అన్నాను. ఖాళీ క్యాప్సూల్స్ సంగతి కూడా చెప్పాను. లోపల తడి పొడి, బయట అల్యూమినియం. తడి చెత్తలో వేయాలా పొడి చెత్తలో వేయాలా అని చెత్త బండి అక్క అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఒక్కొక్కటి కోసి పొడి మల్లె కుండీలో వేసి, రేకు కడిగి విడిగా ఇచ్చేదాన్ని. నాలుగు నెలల్లో 200కు పైగా కోశాను.

నాలుగు డబ్బాల కాఫీ మేము తాగాం, దానికి కట్టిన 7,196 రూపాయలు అడగడం లేదు. రద్దు చేయమన్నాక కట్ చేసుకున్న 1,799 తిరిగి ఇవ్వండి, సీలు తీయని డబ్బా తీసుకెళ్ళండి. మెషిన్ కూడా మీ ఖర్చుతో తీసుకెళ్ళండి, పెట్టెతో సహా ఉంది. నా మీద ఏ బాకీ లేదని రాతపూర్వకంగా, తెలుగులో పంపండి. ఫోన్లు ఈరోజే ఆగాలి. ఇవి నా కోసం. యాప్‌లో ‘ఉచితం’ అన్న మాట తీసేసి, ఏడాదికి మొత్తం 21,588 రూపాయలు అవుతుందని, అందులో మెషిన్ కిస్తీ 6,000 అని మొదటి పేజీలోనే రాయండి. ఇది నా తర్వాత తీసుకునేవాళ్ళ కోసం అడుగుతున్నాను, దీన్ని కూడా అంతే గట్టిగా అడుగుతున్నాను.

15 రోజుల్లో, అంటే నవంబర్ 21 లోపల జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. మెయిల్ కాపీ, ఆటోపే వివరాలు, మెషిన్ కింద నీళ్ళు కారుతున్న వీడియో, మీ సైట్‌లో రెండు ధరలు కనిపించే ఫోటోలు దీనితో జత చేస్తున్నాను.

మెషిన్, డబ్బా తీసుకెళ్ళడానికి ఏరోజైనా మనిషిని పంపవచ్చు. పగలు మా సారు ఇంట్లోనే ఉంటారు.

ఇట్లు,
మీ ప్లాన్ ఖాతాదారు,
కాజీపేట