సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్లే ఆటగాళ్లు

డబ్లిన్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? ఇక్కడ మేమంతా బాగున్నాం. పెద్దాడికి జలుబు తగ్గింది. చిన్నది స్కూల్లో ఐరిష్ పాటలు నేర్చుకొచ్చి ఇల్లంతా హోరెత్తిస్తోంది.

మొన్న మెల్‌బోర్న్‌నుంచి ఫోన్ చేసి, మీ ఆస్ట్రేలియా ఆటగాళ్లనీ ఇక్కడి ఐరిష్ ఆటగాళ్లనీ పోలుస్తూ నువ్వన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. "ఏడాది పొడుగునా జీతం తీసుకుని ఆడేవాళ్ల ముందు మీ ఊరి కుర్రాళ్లు ఏం నిలబడతార్రా?" అన్నావు. నేనప్పుడు బస్సు దిగే హడావుడిలో ఉన్నాను, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు, పొడుగ్గానే ఉంటుంది.

ముందు మా ఆఫీసులో నా పక్క సీటతని గురించి చెప్పాలి. పేరు రాయను, అతనికి ఇష్టముండదు. కౌంటీ జట్టుకి గేలిక్ ఫుట్‌బాల్ ఆడతాడు, చేత్తోనూ కాలితోనూ ఆడే ఐరిష్ ఆట. కౌంటీ అంటే మన జిల్లా అనుకో. పొద్దున ఎనిమిదిన్నరకి వస్తాడు. సంచిలో మూడు డబ్బాలుంటాయి: ఒకదాంట్లో ఉడికించిన గుడ్లు, ఒకదాంట్లో అన్నం, చికెన్, మూడోది సాయంత్రం కారులో తినడానికి. అయిదింటికి లేచి వెళ్లిపోతాడు. గంటన్నర కారు నడుపుకుంటూ సొంత కౌంటీకి వెళ్లి, రెండు గంటలు ట్రైనింగ్ చేసి, మళ్లీ గంటన్నర వెనక్కి. ఇంటికి చేరేసరికి పదకొండు దాటుతుంది. ఒక సోమవారం ఉంగరం వేలికి, పక్క వేలికి కలిపి టేపు చుట్టుకొచ్చాడు. ఆ రెండు వేళ్లూ పైకెత్తి పెట్టి, మిగతా వేళ్లతో రోజంతా టైపు చేశాడు. ఆదివారం నలభై వేలమంది ముందు ఆడొచ్చిన మనిషి, సోమవారం తొమ్మిదింటికి మీటింగులో నా పక్కన కూర్చుని నోట్స్ రాసుకుంటున్నాడు. ఆ ఆటకి అతనికి ముట్టింది పెట్రోలు ఖర్చులు, ప్రభుత్వం ఇచ్చే చిన్న గ్రాంటు. జీతమంటూ పైసా లేదు.

2018లో ఇక్కడి ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ వాళ్లు లెక్కగడితే, కౌంటీ స్థాయి ఆటగాడు వారానికి 31 గంటల దాకా ఆటకే పెడుతున్నాడని తేలింది. ఉద్యోగం చేసుకుంటూ ఇది. ఇక్కడ అమెచ్యూర్ అంటే సరదాగా ఆడేవాడని కాదు మామా. డబ్బు తీసుకోనివాడని, అంతే. 1884లో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు, జీఏఏ అంటారు. దాని ఆటలన్నీ ఈ రోజుకీ ఇలాగే నడుస్తున్నాయి. ఎక్కువ డబ్బిచ్చాడని ఇంకో కౌంటీకి పోయేది లేదు. పుట్టి పెరిగిన ఊరికి, ఆ ఊరి క్లబ్బుకి, ఆ జిల్లాకి ఆడటమే.

మీ మెల్‌బోర్న్‌లో ఏఎఫ్ఎల్, అదే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, సంగతి నాకన్నా నీకే తెలుసు. వాళ్లకి ఆటే ఉద్యోగం. జిమ్ము, ఫిజియో, తిండి చూసే మనిషి, వీడియో చూపించి తప్పులు దిద్దే మనిషి, అన్నీ క్లబ్బే చూసుకుంటుంది. ఏడాదికి లక్షల డాలర్లు. ఆ డబ్బు తప్పని నేను అనడం లేదు. కానీ ఈ రెండు రకాల మనుషుల్ని ఒకే మైదానంలోకి దించితే ఏమవుతుందో చూడటమే నాకు అన్నిటికన్నా ఆసక్తి.

దించారు కదా! ఇంటర్నేషనల్ రూల్స్ అని నీకు పైపైన చెప్పాను. రెండు ఆటలకీ మధ్యన ఒప్పందంలాంటిది. మైదానం ఐర్లండ్ వాళ్లది, దీర్ఘచతురస్రం. బంతి కూడా వాళ్లదే, గుండ్రటిది. ట్యాకిల్ మాత్రం ఆస్ట్రేలియా వాళ్లది, ఒళ్లు పట్టుకుని పడేయొచ్చు. దూరంనుంచి తన్నిన బంతిని గాల్లో పట్టుకుంటే ఫ్రీ కిక్ ఇచ్చే "మార్కు" కూడా మీ వైపుదే. వలలో పడితే ఆరు, అడ్డకర్ర మీదుగా పోతే మూడు, గోల్ కర్రకీ దాని పక్కన బయట ఉండే కర్రకీ మధ్యనుంచి పోతే ఒకటి. దీనికి బీజం 1967లో పడింది. హ్యారీ బైట్జెల్ అని మీ అంపైరు ఒకాయన, రేడియోలో కామెంటరీ కూడా చెప్పేవాడు, గలాస్ అనే జట్టు కట్టుకుని ఇక్కడికొచ్చాడు. గలా అంటే మీ దగ్గరుండే గులాబీ రంగు చిలక. ఆ ఏడాది ఛాంపియన్లు మీథ్ కౌంటీ వాళ్లు. వాళ్లనే ఇక్కడ డబ్లిన్‌లోని పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో ఓడించి వెళ్లారు. మరుసటి ఏడాది మీథ్ వాళ్లు ఆస్ట్రేలియా వచ్చి బాకీ తీర్చేశారు. రెండు దేశాల మధ్య అసలు టెస్టులు 1984లో మొదలయ్యాయి.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తా. నిలబడ్డారా అంటే, చాలాసార్లు గెలిచారు. 1998లోనూ, 1999లోనూ ఐర్లండే. 2011లో మీ గడ్డ మీదికే వచ్చి, మెల్‌బోర్న్‌లో 80-36, గోల్డ్ కోస్ట్‌లో 50-29. జీతం తీసుకునేవాళ్ల సొంత ఇంట్లో రెండింతల స్కోరు! 2013లో ఇక్కడ ఆడితే రెండు మ్యాచ్‌లు కలిపి తేడా దాదాపు వంద పాయింట్లు. ఆ ఏడాది ఆస్ట్రేలియా తమ ఆదివాసీ ఆటగాళ్లతోనే జట్టు కట్టి పంపింది. మంచి ఆటగాళ్లు, కానీ బంతి కొత్త.

అసలు కీలకం ఆ బంతే. మా అబ్బాయి చేరిన క్లబ్బు గ్రౌండ్లో శనివారాలు నేను కోన్లు పెట్టడానికి వెళ్తుంటాను కదా, ఒక రోజు అక్కడికి ఎవరో మీ కోడిగుడ్డు బంతి ఒకటి తెచ్చారు. రెండూ చేత్తో పట్టుకుని చూశాను. కోడిగుడ్డు బంతిని కొనలు పైకీ కిందికీ ఉండేలా పట్టుకుని కాలి మీదికి వదలాలి. తన్నితే వెనక్కి పల్టీలు కొడుతూ తిన్నగా పోతుంది. గుండ్రటి బంతిని అలాగే తంతే గాల్లో ఒక పక్కకి జారిపోతుంది. దాన్ని పాదం లోపలి అంచుతో చుట్టి కొట్టాలి. పరుగెడుతూనే కాలి వేలితో తన్ని మళ్లీ చేతిలోకి తెచ్చుకోవాలి. ఆ విద్య ఇక్కడి పిల్లలు అయిదేళ్ల వయసునుంచీ గోడకేసి కొట్టి నేర్చుకుంటారు. వర్షంలో, చీకట్లో, ఒంటరిగా. పాతికేళ్లొచ్చాక నెల రోజుల క్యాంపు పెట్టి ఎంత డబ్బు పోసినా అది రాదు. ఇంకొకటి, మీ ఆటలో గోల్‌కీపరే ఉండడు! అందుకే ప్రతిసారీ ఎవరో ఒకరిని పట్టుకుని కీపరుగా నిలబెట్టాలి. 2015లో, మీ ఏఎఫ్ఎల్ క్లబ్బు ఎసెండన్‌కి 400 మ్యాచ్‌లు ఆడిన డస్టిన్ ఫ్లెచర్ నలభై ఏళ్ల వయసులో వచ్చి క్రోక్ పార్క్‌లో కీపింగ్ చేశాడు. ఆయనంటే నాకు గౌరవం కలిగింది.

ఇక జీతం ఎక్కడ కనిపిస్తుందంటే ట్యాకిల్లో. గేలిక్ ఆటలో ఒళ్లు పట్టుకోకూడదు, భుజానికి భుజం తగిలించొచ్చు, బంతిని చేత్తో తట్టొచ్చు. అలా పెరిగినవాడిని, రోజూ బరువులెత్తే మనిషి వచ్చి రెండు చేతులూ కలిపి బిగించి పట్టుకుంటే, కిందపడేటప్పుడు చెయ్యి ఆనించుకోవడానికి కూడా ఉండదు. ఎలా పడాలో ఎవరూ నేర్పలేదు. 2006 నవంబరులో క్రోక్ పార్క్‌లో అదే జరిగింది. 82 వేలమందికి పైగా జనం. మొదటి క్వార్టర్లోనే మీథ్ ఆటగాడు గ్రాహమ్ గెరాటీ ట్యాకిల్లో పడి స్పృహ తప్పాడు, ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఐర్లండ్ మేనేజరు షాన్ బోయిలన్. ఆయన వృత్తి ఏమిటో తెలుసా, మూలికా వైద్యం! వైద్యం చేసుకుంటూనే మీథ్‌కి నాలుగు ఆల్-ఐర్లండ్ కప్పులు, అంటే కౌంటీలన్నిటి మీదా గెలిచే ఛాంపియన్‌షిప్, తెచ్చిపెట్టాడు. ఆ మనిషి ఆ రోజు తన పిల్లల్ని మళ్లీ మైదానంలోకి పంపాలా వద్దా అని ఆలోచనలో పడ్డాడు. చివరికి పంపాడు, 69-31తో ఓడిపోయారు. ఆ రోజు స్టేడియంలో ఉన్న మా వీధి చివరి పెద్దాయన, ఆ మాటెత్తితే ఇప్పటికీ తల అడ్డంగా ఊపుతాడు. అంతకుముందు ఏడాది మెల్‌బోర్న్‌లో ఇంకా ఘోరం. ఆస్ట్రేలియా కెప్టెన్లలో ఒకడైన క్రిస్ జాన్సన్, ఫిలిప్ జోర్డన్ మెడకి చెయ్యి అడ్డంపెట్టి కొట్టి బయటికి వెళ్లాల్సొచ్చింది. ఈ రెండేళ్ల దెబ్బకి 2007 సిరీస్ రద్దయింది.

నా బాధ కొట్టుకున్నారని ఒక్కటే కాదు మామా. ప్రొఫెషనల్‌కి దవడ విరిగితే క్లబ్బు డాక్టరు ఉంటాడు, జీతం ఆగదు. అమెచ్యూర్‌కి విరిగితే సోమవారం స్కూల్లో పాఠం ఎవరు చెప్తారు? పాలు ఎవరు పితుకుతారు? ఇద్దరి దెబ్బా ఒకటే, కానీ దాని ఖరీదు ఒకటి కాదు. ఆ సంగతి తెలిసి కూడా ఎదుటివాడి మెడ మీదికి చెయ్యి లేపితే నేను ఒప్పుకోలేను. ఆ తర్వాత రూల్స్ బిగించారు, మంచి పని చేశారు.

నాకు నచ్చిన దశ దాని తర్వాతదే. 2014లో మీ వాళ్లు గట్టిగా తీసుకున్నారు. ఏడాది ఉత్తమ జట్టు, ఆల్-ఆస్ట్రేలియన్ అంటారు కదా, అందులో ఎప్పుడో ఒకసారైనా చోటు దక్కినవాళ్లనే ఎంపిక చేశారు. అంటే అసలైన మొనగాళ్లు. పెర్త్‌లో 56-46తో గెలిచారు. చూడు, మొత్తం ఆస్ట్రేలియాలోని మొనగాళ్లకీ, టీచర్లూ రైతులూ చదువుకునే పిల్లలూ ఉన్న జట్టుకీ మధ్య తేడా పది పాయింట్లు. మరుసటి ఏడాది ఇక్కడ 56-52తో ఐర్లండ్ గెలిచింది. 2017లో అడిలైడ్‌లో 63-53, పెర్త్‌లో 53-50తో మళ్లీ ఆస్ట్రేలియా. ఇంత దగ్గరి ఆటలు జరిగాక ఏళ్లకేళ్లు ఖాళీగా పోనిచ్చారు. 2020లో ఆడదామనుకుంటే కరోనా అడ్డొచ్చింది. నాకు ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది.

ఎందుకంటావా? నా పక్క సీటతను ఒకసారి క్యాంటీన్లో అన్నాడు: ఫుట్‌బాల్ ఆడేవాడికి ప్రపంచ కప్పు ఉంది, రగ్బీ ఆడేవాడికీ ఉంది, మాకు దేశం జెర్సీ వేసుకునే దారి ఇదొక్కటే అని. మీ ఏఎఫ్ఎల్ వాళ్లకీ అంతే కదా! వాళ్ల ఆటని ఈ స్థాయిలో ఆడే దేశం ఇంకోటి లేదు. ఇద్దరూ ఒకే లోటుతో ఉన్నవాళ్లు. అందుకే ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లారు.

గెలిచినవాళ్లకిచ్చే కప్పు పేరు కోర్మక్ మెకనాలెన్ కప్పు. అతను టైరోన్ కౌంటీ ఆటగాడు, ఆర్మాలో టీచరు. 2003లో ఆల్-ఐర్లండ్ గెలిచాడు, ఐర్లండ్ తరఫున ఈ సిరీస్ కూడా ఆడాడు. 2004లో టైరోన్ కెప్టెన్‌ని చేశారు. ఆ మార్చిలోనే గుండె ఆగి నిద్రలో పోయాడు. 24 ఏళ్లు. జీతాలు తీసుకునే ఆస్ట్రేలియా కెప్టెన్లు ఎన్నోసార్లు ఎత్తిన ఆ కప్పు మీద ఉన్నది ఒక బడిపంతులి పేరు.

నువ్వడిగిన ఇంకో సంగతి, ఇక్కడివాళ్లు అక్కడికి వెళ్లి జీతానికి ఆడటం గురించి. వెళ్తున్నారు, ఆడపిల్లలు కూడా. మేయో కౌంటీ కోరా స్టాంటన్ సిడ్నీ వైపు క్లబ్బుకి ఆడింది. టైగ్ కెన్నెలీ 2005లో సిడ్నీ స్వాన్స్‌తో కప్పు గెలిచి వేదిక మీదే ఐరిష్ స్టెప్పులేశాడు. తర్వాత జీతం వదిలేసి ఇంటికొచ్చి 2009లో కెర్రీతో ఆల్-ఐర్లండ్ కూడా గెలిచాడు. రెండూ గెలిచిన మొట్టమొదటివాడతనే. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లాడు వెళ్లిపోతే, వాడిని అయిదో ఏటనుంచి ఉచితంగా తయారుచేసిన ఊరి క్లబ్బుకి ఖాళీ మిగులుతుంది. ఆ బాధ నేను ఇక్కడ కళ్లారా చూస్తున్నాను. పిల్లాడిని ఆపమని మాత్రం నేననలేను. మనిద్దరం కూడా ఇల్లు వదిలి వచ్చినవాళ్లమే కదా!

అందరికన్నా ముందు వెళ్లినవాళ్లలో జిమ్ స్టైన్స్ ఒకడు. డబ్లిన్ కుర్రాడు. 1984లో మెల్‌బోర్న్ క్లబ్బు ఇక్కడి పేపర్లో ప్రకటన ఇస్తే దరఖాస్తు పెట్టి వెళ్లాడు. 1987లో ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద, ఆఖరి క్షణాల్లో, పరుగెత్తకూడని చోట అడ్డంగా పరుగెత్తాడు. ఎదుటివాడికి 15 మీటర్లు ముందుకిచ్చారు, హారన్ మోగాక వాడు గోల్ కొట్టాడు, మెల్‌బోర్న్ ఓడిపోయింది. ఇంకొకడైతే ఇంటికొచ్చేసేవాడు. అతను అక్కడే ఉండి, 1991లో లీగులో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ తెచ్చుకున్నాడు, వరసగా 244 మ్యాచ్‌లు ఒక్కటి కూడా మానకుండా ఆడాడు. 2012లో క్యాన్సర్‌తో పోయినప్పుడు విక్టోరియా ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు.

మీ ఆఫీసు డాక్‌లాండ్స్ వైపే అన్నావు కదా. అక్కడ యారా నది ఒడ్డున నడిచివెళ్లే వంతెన ఒకటుంది, దాని పేరు జిమ్ స్టైన్స్ బ్రిడ్జి. రోజూ దాని మీదుగానే పోతున్నావేమో, నీకు తెలియదు. ఈసారి లంచ్‌కి అటు వెళ్లి, పేరు కనపడేలా ఒక ఫోటో తీసి పంపరా. నా పక్క సీటతనికి చూపిస్తాను.

ఉంటాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మామ