‘ఆ’ ఎవరు, బుజ్జీ?

బుజ్జికి,
అమ్మ ఆశీస్సులు.

నీ పేరుతో వచ్చిన మొదటి వార్త లింకు అందింది. సంబరంగా తెరవబోయి హెడ్డింగ్ దగ్గరే ఆగిపోయాను. ‘ఆ నిర్ణయంతో ఉద్యోగుల్లో కలకలం.. అసలు కారణమిదే!’ లోపల నువ్వు రాసింది మాత్రం శుభ్రంగా ఉంది. హెడ్డింగ్ నీది కాదని, సోషల్ మీడియా డెస్క్ మార్చిందని నువ్వు చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఇరవై రెండేళ్లు సబ్ ఎడిటర్‌గా పరాయివాళ్ల వార్తలకు హెడ్డింగులు పెట్టినదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా?

ఫోనులో చెబితే ‘కాలం మారిందమ్మా’ అని నోరు మూయిస్తావు. అందుకే ఉత్తరం. మారిందని నాకూ తెలుసు. వార్తల భాషను యంత్రాలు మార్చడం కొత్త కూడా కాదు. తంతి రోజుల్లో మాటకింత అని కట్టవలసి వచ్చేది కనుక విలేకరులు విశేషణాలు మింగేసి ముక్తసరిగా రాయడం నేర్చుకున్నారు. 2006లో వచ్చిన ట్విట్టర్ 140 అక్షరాల హద్దు పెట్టుకున్నదీ అటువంటి కారణంతోనే. ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి, పంపినవారి పేరుకు 20 వదిలారు. 2017లో హద్దును 280కి పెంచినా మన లిపికి ఇరుకే. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు!

ఇరుకు వల్ల మేలు జరగలేదని అనను. మా తరం ‘హుటాహుటిన ఆసుపత్రికి తరలించారు’, ‘రోదనలు మిన్నంటాయి’ అని రాసిందే రాసేది. తీరిగ్గా ఎవరు తరలిస్తారు? ఆ ఊకంతా చాలావరకు ఎగిరిపోయింది. మేము తప్పు రాస్తే సవరణ మర్నాడు ఏ లోపలి పేజీ అడుగునో పడేది. మీకు నిమిషాల్లో పాఠకులే చెవి మెలిపెడుతున్నారు. మంచిదే.

నా గొడవంతా ‘ఆ’తో. మన భాషలో ‘ఆ’ అంటే మాట్లాడేవారికీ వినేవారికీ ముందే తెలిసినది. ‘ఆ పుస్తకం తెచ్చావా?’ అని నేనడిగితే ఏ పుస్తకమో నీకు తెలుసు. ఇప్పుడు చూడు: ‘ఆ హీరో’, ‘ఆ ఒక్క మాట’, ‘ఆ ఫోటో’. లోకమంతటికీ తెలుసు, తెలియనిది నీకొక్కదానికే అన్నట్టు పలకరిస్తాయి. ‘ఇదే’, ‘ఇలా’ కూడా ఆ బాపతే. వేలు చూపిస్తాయి, చూపించిన చోట ఏమీ ఉండదు. వార్త చదవకుండా పేజీ తిప్పేసేవారికి కూడా విషయం అందాలని మేము హెడ్డింగుతో కుస్తీ పట్టేవాళ్లం. మీ డెస్క్‌కు అలా విషయం తెలుసుకుని వెళ్లిపోయేవారే నష్టం, నొక్కనివారు లెక్కలోకి రారు కదా. ఇలా ఊరించే శీర్షికలను తగ్గిస్తామని 2014లో ఫేస్‌బుక్కే ప్రకటించింది. లింకు నొక్కినవారు లోపల ఎంతసేపు ఉన్నారో చూసి తేలుస్తామంది. ఊరింపు ఎంత తగ్గిందో నీ మొదటి వార్త మీదే కనబడుతోంది.

ఇంకో సంగతి, ఇది మీ డెస్క్‌లో ఎవరైనా పట్టించుకున్నారో లేదో. తెలుగు వాక్యానికి ప్రాణం చివరి క్రియలో ఉంటుంది. కాదు, లేదు అనేవి కూడా అక్కడికే వచ్చి కూర్చుంటాయి. ‘పరీక్షలు వాయిదా వేసే ఆలోచన లేదు’ అని రాస్తారు. ఫోను తెర మీద అది ‘పరీక్షలు వాయిదా వేసే...’ దగ్గర తెగుతుంది. మూడు చుక్కల్లో వార్త తలకిందులైపోయింది! తెగిన ముక్కనే ఫోటో తీసి పదిమందికి పంపేవాళ్లను తిట్టి లాభం లేదు. ‘వాయిదా లేదు, పరీక్షలు యథాతథం’ అని ‘లేదు’ను ముందుకు లాక్కురావచ్చు. మేము కాలమ్ వెడల్పు కొలుచుకున్నట్టే తెర ఎక్కడ తెగుతుందో మీరు కొలుచుకోవాలి. ఈ పని నీ చేతిలోనే ఉంది.

‘నెటిజన్ల ఆగ్రహం’ అన్న మాట నీ రాతలో కనబడితే మాత్రం ఊరుకోను. ముగ్గురు కామెంట్ పెడితే ఆగ్రహం, నలుగురైతే వెల్లువ. వాళ్లెవరు, ఎంతమంది? విన్న మాటకు మనకు ఒక్క అక్షరం ఉంది: ‘ట’. ‘వచ్చాడట’ అన్నామంటే మేము చూడలేదని ఒప్పుకున్నట్టే. మా పత్రికలు దానికి ‘విశ్వసనీయ సమాచారం’ అని కోటు తొడిగాయి, అది మా పాపం. మీరు ‘వైరల్’ అంటున్నారు. అందులో ఒప్పుకోలు కూడా లేదు.

2013 ఏప్రిల్ 23న అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ట్విట్టర్ ఖాతాలో దొంగలు దూరి, వైట్‌హౌస్‌లో రెండు పేలుళ్లు, బరాక్ ఒబామాకు గాయాలు అని రాశారు. అక్కడి షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ నిమిషాల్లో 140 పాయింట్లకు పైగా పడి, అబద్ధమని తేలాక లేచింది. ఆ సంస్థ రాత ఎరిగినవాళ్లకు మాత్రం అనుమానం తగిలింది. ఒబామా పదవిలో ఉండగా వాళ్లు మొదటిసారి ఆయన పేరు రాసేటప్పుడు ‘ప్రెసిడెంట్’ అని చేర్చేవారు. ‘బ్రేకింగ్’ అన్న మాటను పూర్తిగా పెద్దక్షరాల్లో రాస్తారు. దొంగలకు ఆ అలవాట్లు తెలియలేదు. రేపు మీ ఖాతాలో ఎవరైనా దూరి ‘షాకింగ్.. ఆ నేత ఇక లేరు!’ అని పెడితే, అది మీ రాత కాదని గుర్తుపట్టేవాళ్లు ఒక్కరైనా ఉంటారా?

సరే, చాలా రాశాను. వచ్చే వార్త పంపేటప్పుడు నువ్వు మొదట పెట్టిన హెడ్డింగ్ కూడా విడిగా రాసి పంపు, దాచుకుంటాను.

నాన్న నీ లింకు ఇంకా నొక్కలేదు. కూతురి వార్త అయినా సరే, ఊరిస్తే నొక్కనని భీష్మించుకుని కూర్చున్నారు. ‘ఆ నిర్ణయమేదో నువ్వే చెప్పు’ అని నిన్న రాత్రి నన్నడిగారు. చెప్పాను. ఐదు మాటల్లో అయిపోయింది.

ప్రేమతో,
అమ్మ