శెనక్కాయల గుట్టలు, ఆయిలు బావులు

మణలి, చెన్నై

ఒరే శీనా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఈ ఎండకి చెమటతో పెన్ను జారిపోతా ఉంది, తిట్టుకోవద్దు. "ఆయిలు పడితే చాలు, దేశం దశ తిరిగినట్టే" అని తేల్చేశావు చూడు, దాని మీదే నా గొడవంతా.

మా మేడెక్కితే రిఫైనరీ మంట కనబడుతుంది. 1969లో మొదలైనప్పుడు దీనికి ఇరాన్ నుంచే క్రూడ్, అంటే ముడి చమురు, వచ్చేదంట. ఆ మంట చూసినప్పుడల్లా నాకు మీ నాయన శెనక్కాయల కళ్లం గుర్తొస్తుంది. ఎందుకంటావా, నైజీరియా వల్ల! అక్కడ కానో అనే ఊళ్లో శెనక్కాయల బస్తాలు గోపురాల మాదిరి పేర్చేవాళ్లు. 1956లో ఆ దేశంలోనే ఒలోయిబిరి అనే చోట ఆయిలు పడింది. 1973-74లో ఆయిలు రేటు నాలుగింతలైంది. డాలర్లు వచ్చి పడేసరికి వాళ్ల డబ్బు విలువ పెరిగి, బయటి సరుకు చవకైపోయింది. సేద్యం గిట్టుబాటు కాక జనం పట్నం దారి పట్టారు. దానికి కరువూ తెగులూ తోడయ్యాయి. గుట్టలు మాయం! డచ్ వాళ్ల హాలండ్‌లో 1959లో గ్యాస్ పడ్డాక ఫ్యాక్టరీలకు ఇదే గతి పట్టిందని దీనికి 'డచ్ జబ్బు' అని పేరు పెట్టారు.

వెనిజులా సంగతి ఇంకా ఘోరం. భూమిలో 30 వేల కోట్ల పీపాల ఆయిలు, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ. ప్రభుత్వ ఆయిలు కంపెనీలో సమ్మె చేశారని 2003లో పని తెలిసిన వేలమందిని ఇంటికి పంపారు, బావుల మీద డబ్బు పెట్టలేదు, ఆనక అమెరికా ఆంక్షలు. రోజుకి 30 లక్షల పీపాలు తోడిన దేశం 2020కి 10 లక్షలు కూడా తోడలేకపోయింది. బావి ఉంటే సరిపోయిందా, తోడేవాడు వద్దా?

నార్వే వాళ్లది మా అవ్వ లెక్క. గాదె నిండినా కొలిచే వండేది. 1990లో చట్టం చేసి ఆయిలు డబ్బుకి నిధి పెట్టారు. ఏడాదికి అందులో సుమారు 3 శాతమే ఖర్చు. వడ్డీ తింటారు, అసలు ముట్టరు. అయితే ఆయిలుకి ముందే వాళ్లకి ఓడలు, చేపలు, చదువు, లంచం తక్కువ ఆఫీసులు ఉన్నాయి. మనోళ్లు చెప్పేటప్పుడు ఇది మింగేస్తారు.

నువ్వుండే కువైట్ తక్కువదా? స్వాతంత్ర్యం రాకముందే, 1953లోనే దాచడం మొదలుపెట్టింది. 1990లో ఇరాక్ మీదపడ్డప్పుడు పరాయి దేశంలో ఉన్న ప్రభుత్వాన్ని ఆ డబ్బే నిలబెట్టింది. కాకపోతే ఇప్పటికీ ఆయిలు రేటు పడితే బడ్జెట్ పడుతుంది, అది నాకంటే నీకే బాగా తెలుసు. దుబాయ్‌కి ఆయిలు తక్కువ కాబట్టే 1979లో జెబెల్ అలీ రేవు, 1985లో విమానాల కంపెనీ పెట్టుకుంది. లేమే మేలు చేసిందంటాను. కాదంటావా, రాయి.

ఈసారి ఖర్జూరం మోసుకురావద్దురా, ఇక్కడ చెన్నై ప్యారీస్ కార్నర్ బజారులో దొరుకుతుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు పచ్చి శెనక్కాయలు ఒక మూట తే. ఉడకేసుకుని మేడ మీద కూర్చుందాం.

నీ,
రమణ