స్కాన్‌కు చిక్కని ఓడ

సంపాదకులకు నమస్కారం.

2014లో వచ్చిన ‘ఎలైట్ డేంజరస్’ వంటి అంతరిక్ష వర్తక ఆటలు పిల్లలకు స్మగ్లింగ్ నేర్పుతున్నాయని మా హనుమకొండలో కొందరు తల్లిదండ్రులు బాధపడుతున్నారు. ఆ ఆటను మా అబ్బాయి పక్కన కూర్చుని చూశాను. నిషిద్ధ సరుకుతో స్టేషన్‌ను సమీపించేటప్పుడు, పోలీసు నౌక స్కాన్ ముగించేలోపు లోపలికి చేరాలంటే ‘సైలెంట్ రన్నింగ్’ పెట్టి, ఓడను పట్టించే దాని వేడిని బయటకు పోనివ్వకుండా ఆపాలి; అప్పుడు ఓడను కాపాడే షీల్డ్‌లు పడిపోతాయి, లోపలి వేడి క్షణక్షణం పెరుగుతుంది, 100 శాతం దాటితే యంత్రభాగాలు దెబ్బతింటాయి. ఓడ వేడిని పీల్చుకుని బయటకు పోయే హీట్ సింక్‌ను వదిలేవరకు మావాడి చూపు ఆ అంకె మీదే ఉంది. పట్టుబడితే జరిమానా ఎలాగూ తప్పదు. శూన్యంలో వేడిని దాచడం ఎంత కష్టమో పాఠ్యపుస్తకం కంటే అక్కడే వాడికి బాగా ఎక్కింది. ఆట మాన్పించే ముందు పెద్దలు ఒక్క సాయంత్రం పక్కన కూర్చుని చూడాలని నా మనవి.

ఇట్లు,
ఒక తండ్రి, హనుమకొండ