మగవాళ్ళ వార్డులో అక్కకి చోటు లేదట

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆసుపత్రుల్లో దివ్యాంగులకి ర్యాంపులు లేవని, చక్రాల కుర్చీలు విరిగిపోయి ఉన్నాయని మీ పత్రికలో అప్పుడప్పుడూ వార్తలు చూస్తుంటాను. అవి రావాలి కూడా. నేను రాస్తున్నది మాత్రం ర్యాంపు ఎక్కేశాక లోపల జరిగే దాని గురించి.

మా తమ్ముడికి 41 ఏళ్ళు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నడవలేడు. కూర్చోబెడితే కూర్చుంటాడు. మాట రాదు గానీ చెప్పాల్సినవన్నీ చెబుతాడు. అవునంటే కళ్ళు పైకెత్తుతాడు, కాదంటే గట్టిగా మూసేస్తాడు. ఒంటికి వస్తే కింది పెదవి కొరుక్కుంటాడు. నొప్పిగా ఉంటే ఎడమ పిడికిలి బిగుసుకుపోతుంది. అమ్మ పోయినప్పటి నుంచి, తొమ్మిదేళ్ళుగా వాణ్ణి చూసుకుంటున్నది నేనే. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. బడి వేళల్లో వాడి దగ్గర ఒకామె ఉంటుంది.

కిందటి వానాకాలంలో వాడికి నెమ్ము చేసింది. మా ఊళ్ళో డాక్టరు చూసి పెద్దాసుపత్రికి పంపించారు. ఆ ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇంతకు ముందు వేరే చోట్ల చేర్పించినప్పుడూ ఇదే తంతు, అందుకని. 108 వాళ్ళు జాగ్రత్తగా తీసుకెళ్ళారు. క్యాజువాలిటీలో వెంటనే చూశారు, ఆక్సిజన్ పెట్టారు. అందులో వంక పెట్టడానికేం లేదు. తరవాత మగవాళ్ళ మెడికల్ వార్డుకి మార్చారు. కథ అక్కడ మొదలైంది.

పగలంతా పని నాదే. ఎక్స్‌రేకి స్ట్రెచర్ తోసుకెళ్ళింది నేను. రక్తం శాంపిల్ ల్యాబులో ఇచ్చొచ్చింది నేను. డైపర్ మార్చడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, తలకింద ఎత్తు పెట్టి చెంచాతో జావ పట్టడం, అన్నీ నేనే. మగవాళ్ళ వార్డులో ఆడదానివి ఏం చేస్తున్నావని ఆ పొద్దున్నుంచీ ఒక్కరూ అడగలేదు. రాత్రి తొమ్మిదింటికి సెక్యూరిటీ అబ్బాయి వచ్చాడు.

"అమ్మా, ఇది మేల్ వార్డు. లేడీస్ ఉండకూడదు. మీ మగవాళ్ళెవరినైనా పిలిపించుకోండి."

"మగవాళ్ళెవరూ లేరు బాబూ. మా ఆయన మోకాలి ఆపరేషన్ అయ్యి మంచం మీదున్నారు. వీడికి మాట రాదు, నేను లేకపోతే ఎలా?"

"నేనేం చెయ్యనమ్మా, రూలు."

వాడికి రాత్రి పది గంటలకి ఫిట్స్ మాత్ర వెయ్యాలి. ఆ మాత్రని, ఒక గ్లాసు జావని అక్కడున్న ఎంఎన్‌ఓ (వార్డులో రోగులకి సాయంగా ఉండే మగ ఉద్యోగి) చేతిలో పెట్టి, తల ఎత్తి పట్టండి, పడుకోబెట్టి పట్టకండి అని రెండుసార్లు చెప్పి బయటికొచ్చాను. పాపం అతను అలాగేనమ్మా అన్నాడు. ఆ రాత్రి అతనికి ఇంకో రెండు వార్డులు కూడా ఉన్నాయని తరవాత తెలిసింది.

మెట్ల కింద చాప పరుచుకుని పడుకున్నాను. అక్కడంతా ఆడవాళ్ళే. పక్క చాప మీద ఒక తల్లి, పంతొమ్మిదేళ్ళ కొడుకు తలకి దెబ్బ తగిలి అదే వార్డులో ఉన్నాడు. "మావాడు నిద్రలో ట్యూబులు పీకేసుకుంటాడండి" అంటూ రాత్రంతా తలుపుకేసి చూస్తూనే ఉంది.

పొద్దున్న అయిదున్నరకి తలుపు తీశారు. మా తమ్ముడి దుప్పటి తడిసి చల్లగా ఉంది. గడ్డం మీద జావ ఎండిపోయి ఉంది. వెల్లకిలా పడుకోబెట్టే పట్టారని చొక్కా మెడ దగ్గర మరకని చూస్తేనే తెలుస్తోంది. ఎడమ పిడికిలి ఎంత బిగించాడంటే, విప్పితే అరచేతిలో నాలుగు గోళ్ళ గుర్తులున్నాయి. మాత్ర వేశారో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. కేస్ షీట్లో మాత్రం పేషెంటు 'నాట్ కోఆపరేటివ్' అని రాసి ఉంది. మొహం పక్కకి తిప్పుకున్నాడట. పడుకుని మింగలేని మనిషి మొహం తిప్పుకోక ఏం చేస్తాడు?

ఆ రోజు దగ్గు ఎక్కువైంది, తగ్గించిన ఆక్సిజన్ మళ్ళీ పెంచారు. జావ పొలమారడం వల్లేనని డాక్టరు అనలేదు, నేనూ అనను. నెమ్ముకి ఎగుడుదిగుళ్ళు మామూలేనన్నారు. కానీ మింగడం కష్టమైనవాళ్ళకి తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో ఏ డాక్టరుకైనా తెలుసు.

నర్సుల మీద నాకు కోపం లేదు. రాత్రి డ్యూటీలో వార్డుకి ఒక్క సిస్టరు. ఆవిడ ఎవరి పెదవి కొరుక్కోవడం గమనించగలదు? ఆ రూలుకీ కారణం ఉంది. ఆ వార్డులో యూరిన్ ట్యూబు వేయించుకునే మగవాళ్ళుంటారు, వాళ్ళ సిగ్గు వాళ్ళది. నాకు అభ్యంతరమల్లా ఒక్కటే. పగలు నేను జీతం లేని వార్డ్ బాయ్‌ని, రాత్రికి పరాయిదాన్ని. రెండూ ఎలా కుదురుతాయి? వికలాంగురాలైన కూతురిని చూసుకునే తండ్రికయితే ఇంకా కష్టం. ఆయన్ని పగలు కూడా లోపలికి రానివ్వరు.

మూడో రాత్రి డ్యూటీకి వేరే సిస్టరు వచ్చింది. చిన్నపిల్లే, పాతికేళ్ళుంటాయేమో. సెక్యూరిటీ అబ్బాయి రాగానే, "ఆవిడ ఉంటారు, నేను చూసుకుంటాను" అంది. మా తమ్ముడి మంచాన్ని మూలకి జరిపించి, అడ్డంగా ఒక స్క్రీన్ పెట్టించి, నాకో స్టూలు వేసింది. "అక్కా, రౌండ్స్‌కి ఎవరైనా వస్తే మాత్రం లేచి నిలబడండి" అంది. అంతే. అయిదు నిమిషాల పని. ఏ జీవో అక్కర్లేకపోయింది.

తెల్లారి వెళ్ళేముందు ఇంకో మాట అంది: "మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసివ్వండక్కా, నా తరవాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది." స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాశాను. కళ్ళు పైకెత్తితే అవును. పెదవి కొరికితే ఒంటికి. పడుకోబెట్టి ఏమీ పట్టొద్దు. మాత్ర పొద్దున్న పదికి, రాత్రి పదికి. అన్నీ అర్థమవుతాయి, వాడితోనే మాట్లాడండి. ఆ కాగితాన్ని ప్లాస్టర్‌తో మంచం తలవైపు అంటించింది.

మర్నాడు హౌస్ సర్జన్ ఒకబ్బాయి వచ్చి అది చదివాడు. అప్పటిదాకా అందరూ నన్నడిగేవాళ్ళు. అతను వంగి వాణ్ణే అడిగాడు: "అన్నా, ఛాతీలో నొప్పి ఉందా?" మా తమ్ముడు గట్టిగా కళ్ళు మూశాడు. "లేదంటున్నాడు కదండీ?" అని నాకేసి తిరిగి నవ్వాడు. వాడి మొహం చూడాలి మీరు.

ఇలాంటి కాగితాన్ని బ్రిటన్‌లో హాస్పిటల్ పాస్‌పోర్ట్ అంటారట. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళు అక్కడ దాన్ని ఆసుపత్రికి వెంట తీసుకెళ్తారు. మనకి అంత దూరం వెళ్ళే పని లేదు. వైకల్యం ఎంతుందో చూసి సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులున్నాయి. మా తమ్ముడి సర్టిఫికెట్లో 90 శాతం అని ఉంది. మనిషి ఎలా మింగుతాడో, ఎలా అవునంటాడో అందులో లేదు. సర్టిఫికెట్టు ఇచ్చేటప్పుడే ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి అడిగి, వెనకవైపు ఆ పది లైన్లూ అచ్చు వేసిస్తే ఎంత ఖర్చవుతుంది?

చట్టాలకి మనకి కొరత లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్లో ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండిటిలోనూ అడ్డంకుల్లేని ప్రవేశం ఉండాలని, చూడటంలో, వైద్యం చెయ్యడంలో వీళ్ళకి ప్రాధాన్యమివ్వాలని ఉంది. రెండో సెక్షన్లోనే సంరక్షకులంటే ఎవరో చెప్పారు: జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, వికలాంగులకి ఆసరాగా ఉండేవాళ్ళు, ఇంట్లోవాళ్ళతో సహా. 24వ సెక్షన్లో అలాంటివాళ్ళ కోసం భత్యం మాట కూడా ఉంది. అంటే పార్లమెంటుకి నేనెవరో తెలుసు. ఆసుపత్రి గేటు దగ్గర ఇచ్చిన పాస్ మీద మాత్రం 'విజిటర్' అని ఉంది. ర్యాంపుల సంగతంటారా, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి చెయ్యాలని కేంద్రానికి గట్టిగానే చెప్పింది. అది వాళ్ళు చూసుకుంటారు.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని నేను అనను. మంచానికే పరిమితమైనవాళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకి 15 వేల పింఛను వస్తోంది. మా ఇల్లు సగం దాని మీదే నడుస్తోంది. 2025లో ఆ పింఛన్ల తనిఖీకి డాక్టర్లను మంచాన ఉన్నవాళ్ళ ఇళ్ళకే పంపించారు. మా ఇంటికీ వచ్చారు. మర్యాదగా చూశారు, కాళ్ళూ చేతులూ కదిపి చూసి, ఫొటో తీసుకుని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక మా ఆయన అన్నారు: "నిజంగా లేవలేడా అని చూడటానికి ఇంటికొచ్చిన డాక్టరు, దగ్గొచ్చిందంటే ఎందుకు రాడు?" నా దగ్గర జవాబు లేదు. ఆరోగ్య శాఖ వారి దగ్గర ఉందేమో.

కేరళలో ఆశ్వాసకిరణం అని ఒక పథకం ఉంది, మంచాన ఉన్నవాళ్ళని చూసుకునేవాళ్ళకి నెలకి 600 రూపాయలు. ఆరు వందలకేమొస్తుందంటే, ఒక ప్యాకెట్ డైపర్లు వస్తాయి. దానితోపాటు ప్రభుత్వ రిజిస్టర్‌లో చూసుకునే మనిషి పేరు ఎక్కుతుంది. నాకు కావలసింది అది. వాడు ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ నాకు స్కూల్లో జీతం కోత పడింది, షుగరు మాత్రలు సగం రోజులు వేసుకోలేదు, రోగికి వచ్చే భోజనంలో మిగిలింది తిన్నాను. కోత సంగతి నేను పడతాను. చూసుకునే మనిషికి, ఆడైనా మగైనా, రాత్రిపూట ఉండటానికి వేరే రంగు పాస్, మూల మంచం, ఒక స్క్రీన్, ఒక పూట భోజనం. సూపరింటెండెంట్లు తలుచుకుంటే రేపటి నుంచే ఇవ్వొచ్చు.

డిశ్చార్జ్ రోజు మంచం మీది ఆ కాగితాన్ని చిరగకుండా ఊడదీసి, వాడి ఆధార్ కార్డు, సదరం సర్టిఫికెట్టు ఉన్న సంచీలో పెట్టుకున్నాను. వచ్చే నెలలో మళ్ళీ ఛాతీ ఎక్స్‌రేకి రమ్మన్నారు, అవసరమైతే ఒకట్రెండు రోజులు ఉంచుతామన్నారు. ఈసారి పాస్ మీద ఏమని రాసిస్తారో చూడాలి.

ఇట్లు,
పేరు వేయవద్దని కోరుతూ,
ఒక పాఠకురాలు,
తణుకు.